సింగపూర్‌లో సంక్రాంతి, రథసప్తమి వేళలు: సూర్యుడి నడక, గడియారం లెక్క

ధనుర్మాసం మొదలవగానే ప్రతి ఏడాదీ మనలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. ఊరి నుంచి తెచ్చుకున్న పంచాంగంలోని వేళలకు రెండున్నర గంటలు కలుపుకుంటే సరిపోతుందా అని. కొన్నింటికి సరిపోతుంది, కొన్నింటికి అసలు సరిపోదు. ఏది దేనికో తెలియాలంటే సూర్యుడి నడక గురించి కాస్త చెప్పుకోవాలి.

పంచాంగంలో రెండు రకాల వేళలు ఉంటాయి. సూర్యుడు మకరరాశిలో ప్రవేశించే క్షణం లోకమంతటికీ ఒక్కటే. 2026లో దృగ్గణితం ప్రకారం అది జనవరి 14న, భారత కాలమానంలో మధ్యాహ్నం 3:13కు వచ్చింది. అదే క్షణానికి మన గడియారాల్లో సాయంత్రం 5:43. తిథి, నక్షత్రం ముగిసే వేళలు కూడా ఇలాంటివే, వీటికి రెండున్నర గంటలు కలపాల్సిందే. సూర్యోదయం, సూర్యాస్తమయం, రాహుకాలం, దుర్ముహూర్తం అలా కాదు. అవి ఏ ఊరివి ఆ ఊరివే. సంక్రాంతి నాడు విజయవాడలో సూర్యోదయం 6:40 ప్రాంతంలో అవుతుంది. దానికి రెండున్నర గంటలు కలిపి 9:10కి అర్ఘ్యం ఇస్తే, అప్పటికి ఇక్కడ పొద్దెక్కి రెండు గంటలు. ఫోన్‌లో పంచాంగం చూసేవారు కూడా ఊరి పేరు సింగపూర్ అని మార్చారో లేదో ఒకసారి గమనించగలరు.

రాహుకాలం సంగతీ అంతే. ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6 వరకు అని మనందరికీ నోటికి వచ్చిన లెక్క, ఆరింటికి ఉదయించి ఆరింటికి అస్తమించే చోటుది. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ పగలు 7:12 నుంచి 7:15 దాకా. దాన్ని ఎనిమిది భాగాలు చేస్తే చివరి భాగం 5:44కు గానీ మొదలు కాదు.

భూమధ్యరేఖ పక్కనే ఉన్న ఊళ్ళో ఏడు దాటితే గానీ తెల్లవారకపోవడం ఏమిటి? సింగపూర్ ఉన్నది సుమారు 104 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. మన గడియారం నడిచేది 120 డిగ్రీల రేఖాంశం ప్రకారం. 1982 జనవరి 1న మలేషియాతో పాటు ఇక్కడి గడియారాలను అరగంట ముందుకు జరిపినప్పటి నుంచి ఇదే పద్ధతి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సుమారు 65 నిమిషాల తేడా. అందుకే ఇక్కడ సూర్యుడు నడినెత్తి గీత దాటేది సగటున మధ్యాహ్నం 1:05కు.

సగటున అన్నాం కదా, అసలు సంగతి అక్కడే ఉంది. సూర్యుడు ఏడాదంతా ఒకే వేగంతో నడిచినట్టు కనబడడు. నిజానికి తిరిగేది భూమే. జనవరి మొదటి వారంలో అది సూర్యుడికి దగ్గరగా ఉండి వేగంగా సాగుతుంది కనుక, సూర్యుడు రోజుకు సుమారు 61 కళలు కదిలినట్టు కనిపిస్తాడు. జులై మొదట్లో 57 కళలే. ధనుర్మాసం ఇరవైతొమ్మిదిన్నర రోజులకే పూర్తయి, మిథునంలో సూర్యుడు ముప్పైఒకటిన్నర రోజులు ఉండటానికి కారణం ఇదే. మన సిద్ధాంత గ్రంథాలు ముందు సమవేగంతో నడిచే మధ్యమ సూర్యుణ్ణి గణించి, మందఫలం అనే సవరణ చేసి, స్ఫుట సూర్యుణ్ణి తెస్తాయి. దూరదర్శిని లేని రోజుల్లో ఈ తేడాను పట్టుకున్న పెద్దల ఓపికకు నమస్కరించాల్సిందే. దీనికి తోడు సూర్యుడి దారి ఖగోళ మధ్యరేఖకు 23.4 డిగ్రీలు వాలి ఉంటుంది. ఈ రెండూ కలిసి ఫిబ్రవరి రెండో వారంలో సూర్యుణ్ణి గడియారం కన్నా 14 నిమిషాలు వెనక్కి, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుకు జరుపుతాయి.

మన ఊళ్ళలో ఈ తేడా ఎవరి కంటా పడదు. అక్కడ పగలే గంటల కొద్దీ పెరిగి తగ్గుతుంది కాబట్టి అందులో ఇది కలిసిపోతుంది. సింగపూర్‌లో ఏడాది మొత్తం మీద పగటి నిడివిలో మార్పు తొమ్మిది నిమిషాలే. కనుక ఇక్కడ సూర్యోదయం జరిగేది దాదాపు పూర్తిగా సూర్యుడి ఈ ఎగుడుదిగుడు నడక వల్లనే. నవంబరు మొదటి వారంలో 6:46కు, ఫిబ్రవరి మధ్యలో 7:16కు.

జురాంగ్ ఐలాండ్‌లో పనిచేసే మనవాళ్ళకు ఇది పాఠం కాదు, రోజూ చూసేదే. ఏడు చిన్న దీవుల మధ్య సముద్రాన్ని పూడ్చి కట్టిన ఆ ద్వీపానికి ఉదయం షిఫ్ట్ బస్సు కాజ్‌వే మీదుగా వెళ్తుంది. కార్తీకంలో ఏడింటికి నీళ్ళ మీద ఎండ పడుతుంది. మాఘంలో అదే బస్సు, అదే ఏడు గంటలు, రిఫైనరీ దీపాలు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. చలికాలమే లేని చోట పొద్దు ఎందుకు ఆలస్యమైందని ఆశ్చర్యపోయినవారు మాలోనూ ఉన్నారు.

చిక్కు వచ్చేది రథసప్తమికే. 2024లో ఆ పండుగ ఫిబ్రవరి 16న, అంటే సరిగ్గా సూర్యుడు బాగా ఆలస్యంగా వచ్చే రోజుల్లో పడింది. 2025లో ఫిబ్రవరి 4న వచ్చింది, అదీ పెద్ద తేడా లేదు. ఏడింటి షిఫ్ట్‌కు వెళ్ళేవారు అప్పటికి గేటు దాటి లోపల ఉంటారు. పాస్ చూపించి వెళ్ళే ఆ చోట చెంబు పట్టుకుని నిలబడే వీలెక్కడిది? అయితే జిల్లేడాకుల స్నానం చేయవలసింది అరుణోదయాన. అంటే సూర్యోదయానికి నాలుగు ఘడియల ముందు నుంచి, 96 నిమిషాలు. 7:16 నుంచి వెనక్కి లెక్కిస్తే 5:40. బస్సు ఎక్కే ముందే స్నానం హాయిగా ముగించుకోవచ్చు. అర్ఘ్యం మాత్రం పొద్దు పొడిచాక ఇంట్లో ఉన్న పెద్దలు ఇవ్వడం మంచిదని మా అభిప్రాయం. సందేహం ఉన్నవారు పురోహితులను అడిగి తెలుసుకోగలరు.

పిల్లలకు ఒక పని. సెలవు రోజున ఎండపడే చోట ఒక కర్ర నిటారుగా నిలిపి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్న వేళ రాసుకోమనండి. సంక్రాంతి రోజుల్లో అది 1:14 ప్రాంతంలో వస్తుంది, నీడ ఉత్తరం వైపు పడుతుంది. మార్చి 23, 24 తేదీల్లో మబ్బు లేకపోతే 1:12కు మళ్ళీ చూడమనండి. ఆ నిమిషాన కర్రకు నీడే ఉండదు.