పాకింది కడుపులోకే, మందులు మాత్రం వేరు!

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. అండాశయ క్యాన్సర్ కడుపులోని పొరలకు పాకిందన్నారు. మూడు విడతల కీమో తర్వాత ఆపరేషన్ చేసి, లోపలే వేడి కీమో ఇస్తామంటున్నారు. పెద్దపేగు క్యాన్సర్ అలాగే పాకిన మా బాబాయికి మాత్రం అది వద్దన్నారు. ఎందుకీ తేడా?
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీ సందేహం సబబైనదేనమ్మా. క్యాన్సర్ ఎక్కడికి పాకినా, మందును ప్రధానంగా నిర్ణయించేది అది పుట్టిన చోటే. నరానికి ఎక్కించే మందు కడుపు పొరపై గడ్డలకు అంత బాగా అందదు. అందుకే కంటికి కనిపించే గడ్డలన్నీ తీసేశాక, సుమారు 42 డిగ్రీల సెల్సియస్ వేడితో మందు కలిపిన ద్రవాన్ని గంటన్నర పాటు కడుపులో తిప్పుతారు. అమ్మలాంటి రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. అందులో వేడి కీమో ఇచ్చినవారి మధ్యస్థ ఆయుష్షు (సగం మంది దాటిన కాలం) దాదాపు 34 నెలల నుంచి 46 నెలలకు పెరిగింది. పెద్దపేగు క్యాన్సర్‌పై 2021లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో ఆ లాభం కనిపించలేదు. బాబాయి డాక్టరు చెప్పింది సరైనదే.

అమ్మకు బీఆర్‌సీఏ జన్యు పరీక్ష చేశారా? తప్పక అడగండి. అందులో మార్పు ఉంటే కీమో తర్వాత వాడే మాత్రలు బాగా పనిచేస్తాయి. అది పుట్టుకతో వచ్చిన మార్పయితే మీరూ పరీక్ష చేయించుకోవాలి. వేడి కీమోలో వాడే సిస్‌ప్లాటిన్ కిడ్నీలపై భారం వేస్తుంది కాబట్టి, ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించండి. ఇక ఎవరైనా సూచించినా, గడ్డ ముక్కను ల్యాబ్‌లో పెంచి మందు ఎంచే పద్ధతి ఇంకా పరిశోధన దశలోనే ఉంది. దానికోసం అప్పులు చేయకండి.

కీమో రోజుల్లో 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరంతో గ్యాస్ పోకపోవడం, మూత్రం తగ్గడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.