మాట పోయిన కంప్యూటర్



మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఇప్పుడు చాలా ఇళ్లలో సెల్‌ఫోన్ ఉంది. కొన్ని ఇళ్లలోకి కంప్యూటర్ కూడా వచ్చింది. కొత్తది కొనలేనివాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కు పోయి పాతది తెచ్చుకుంటారు. పిల్లల చదువుకు పనికొస్తుందని కొంటారు.

అలాంటి ఒక ఇల్లు అనుకుందాం. తల్లి కంపెనీ పనికి పోతుంది. బిడ్డ పదో తరగతి. చీటీ పాడిన డబ్బుతో పాత కంప్యూటర్ కొన్నారు. బిడ్డ అందులో టీ-శాట్ పాఠాలు వింటుంది. ఒక రోజు పొద్దున ఇలా అయింది.

"అమ్మా, సారు నోరు కదులుతుంది. మాట వస్తలేదు."

"నిన్న మంచిగనే వచ్చింది గదా బిడ్డా?"

"రాత్రి కంప్యూటర్ అప్‌డేట్ అయింది. అప్పటి సంది ఇంతే."

దుకాణం అతనికి ఫోన్ చేశారు. "సౌండ్ కార్డు పోయినట్టుంది. మార్చాలె" అన్నాడు. పరీక్షలు దగ్గర పడ్డాయి. చేతిలో డబ్బు లేదు.

కార్డు నిజంగా పోయిందా? చూడకుండా చెప్పలేం. మనమే చూద్దాం.

సౌండ్ కార్డు ఏం చేస్తుంది?

కంప్యూటర్‌లో పాటైనా, పాఠమైనా అంకెల రూపంలో దాచి ఉంటుంది. ఆ అంకెలను స్పీకర్‌కు పనికొచ్చే కరెంటుగా మార్చేది సౌండ్ కార్డు. ఆ కరెంటును స్పీకర్ శబ్దంగా వినిపిస్తుంది. వెనకట ఈ కార్డును విడిగా కొని బిగించేవాళ్లు. సింగపూర్‌లోని క్రియేటివ్ కంపెనీ 1989లో సౌండ్ బ్లాస్టర్ అనే కార్డు తెచ్చింది. అది చాలా పేరు పొందింది. ఇప్పుడు ఎక్కువ కంప్యూటర్లలో ఈ పని చేసేది లోపలి పెద్ద బోర్డు మీదే ఉండే చిన్న చిప్పు.

డ్రైవర్ అంటే ఎవరు?

ఇక్కడ డ్రైవర్ మనిషి కాదు. కంప్యూటర్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం. సౌండ్ కార్డును నడిపేది అదే.

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వచ్చే బస్సును తలచుకోండి. బస్సు బాగుంది. డీజిల్ ఉంది. డ్రైవర్ రాలేదు. బస్సు కదులుతుందా? కదలదు. డ్రైవర్ వచ్చాడు, కానీ రాత్రికి రాత్రి దారి మార్చారు. కొత్త దారి ఆయనకు తెలియదు. అప్పుడూ బస్సు ఊరు చేరదు. బస్సు పాడయిందని కొత్త బస్సు కొంటామా?

కంప్యూటర్‌లోనూ అంతే. విండోస్ మారినప్పుడు పాత డ్రైవర్‌కు దారి తెలియకపోవచ్చు. అప్పుడు డ్రైవర్‌ను సరిచేస్తే చాలు.

మాట ఎందుకంత ముఖ్యం?

2000లో మెదక్ జిల్లా బీరంగూడలో ఒక పని జరిగింది. ఆ ఊరు ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలో ఉంది. టాటా కన్సల్టెన్సీ కంపెనీ అక్కడ పాత కంప్యూటర్లతో పెద్దలకు తెలుగు చదవడం నేర్పింది. ఆ పని వెనుక ఉన్న పెద్దమనిషి ఎఫ్.సి. కోహ్లి. తెర మీద బొమ్మ, మాట కనిపించేవి. కంప్యూటర్ ఆ మాటను పలికేది. చూస్తూ, వింటూ నేర్చుకున్నారు. ఆ కంప్యూటర్లు మూగబోతే సగం పాఠం పోయినట్టే. మన బిడ్డ పాఠమూ అంతే.

ఇలా చేద్దాం

తెర మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు చదివే బిడ్డను పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు ఈ పాఠం పైకి చదవండి. బిడ్డ మౌసు పడుతుంది.

1. స్పీకర్‌కు కరెంటు వస్తుందా? దాని వైరు కంప్యూటర్ వెనక ఆకుపచ్చ రంధ్రంలో ఉందా?

2. తెర కింద కుడి మూలన స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని పక్కన ఇంటూ గుర్తు ఉంటే సౌండ్ ఆపి ఉంది. నొక్కి తెరవండి. శబ్దం వేరే చోటికి పోయేలా పెట్టి ఉందేమో కూడా చూడండి.

3. కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు ఇంతటితోనే మాట వస్తుంది.

4. రాకపోతే స్టార్ట్ బొమ్మ మీద మౌసు కుడి బటన్ నొక్కండి. "డివైస్ మేనేజర్" తెరవండి. అందులో "సౌండ్" అని మొదలయ్యే వరుస ఉంటుంది. దాన్ని తెరిస్తే కార్డు పేరు కనిపిస్తుంది. చాలా కంప్యూటర్లలో రియల్‌టెక్ అని ఉంటుంది. పక్కన పసుపు గుర్తు ఉంటే డ్రైవర్‌ను అనుమానించాలి. ఆ పేరును కాగితం మీద రాసుకోండి.

5. ఆ పేరు మీద కుడి బటన్ నొక్కి "అప్‌డేట్ డ్రైవర్" అనండి. తర్వాత "సెర్చ్ ఆటోమేటిక్‌లీ" అనేది ఎంచుకోండి. నెట్ ఉండాలి. పని అయ్యాక రీస్టార్ట్ చేయండి.

6. అప్‌డేట్ తర్వాతే మాట పోయిందా? అయితే పాత డ్రైవర్‌ను వెనక్కి పిలవచ్చు. అదే పేరు మీద "ప్రాపర్టీస్" తెరవండి. "డ్రైవర్" అనే చోట "రోల్ బ్యాక్" నొక్కండి. ఆ బటన్ మసకగా ఉంటే పాత డ్రైవర్ దాచి లేదని అర్థం.

7. అప్పటికీ రాకపోతే కంప్యూటర్ చేసిన కంపెనీ సొంత సైటుకు పోవాలి. మోడల్ పేరు ల్యాప్‌టాప్ అడుగున రాసి ఉంటుంది. ఆ మోడల్‌కు ఇచ్చిన ఆడియో డ్రైవర్‌నే తీసుకోవాలి. పక్కింటి కంప్యూటర్‌ది మనకు పనికిరాకపోవచ్చు.

వీటన్నిటికీ రూపాయి ఖర్చు లేదు. విండోస్ ఇచ్చే డ్రైవర్ ఉచితం. కంపెనీ సైటులోదీ ఉచితమే.

జాగ్రత్త!

నెట్‌లో "డ్రైవర్" అని వెతికితే పెద్ద పెద్ద బటన్లతో ప్రకటనలు వస్తాయి. "మీ కంప్యూటర్ పాడయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని బెదిరిస్తాయి. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఇవ్వదు. అలా నంబర్ కనిపిస్తే అది మోసం. ఫోన్ చేయకండి. ఎవరో అడిగారని దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ వేసుకోకండి. ఓటీపీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ అది.

దుకాణానికి పోవాల్సి వస్తే

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరే కనిపించకపోయినా, డ్రైవర్ మార్చినా మాట రాకపోయినా, కార్డు పాడై ఉండవచ్చు. అప్పుడు దుకాణానికి పోండి. రాసుకున్న కాగితం చూపించి ఇలా అడగండి.

"అన్నా, డ్రైవర్ చూసినవా? ఇవన్నీ చేసి చూసినం. యూఎస్‌బీ సౌండ్ కార్డు పెడితే సరిపోతదా?"

యూఎస్‌బీ సౌండ్ కార్డు బయట గుచ్చే చిన్న ముక్క. పెట్టె విప్పే పని లేదు. ఏది కొన్నా రసీదు తీసుకోండి. రసీదులో ఏం రాశారో అక్కడే చదవండి. చదువు నేర్చింది ఇందుకే కదా!

చదివి చెప్పండి

1. డ్రైవర్ అంటే ఏమిటి? బస్సు ఉదాహరణతో పక్కింటి అక్కకు చెప్పండి.
2. మాట రాకపోతే మొదట చూడాల్సిన మూడు పనులు ఏవి?
3. పాత డ్రైవర్‌ను వెనక్కి పిలిచే బటన్ పేరు ఏమిటి?

ఖాళీలు నింపండి

1. అంకెలను స్పీకర్‌కు పనికొచ్చే కరెంటుగా మార్చేది ............ .
2. సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ ............ .

రాయండి

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కంప్యూటర్ ఉంటే దాని కంపెనీ పేరు, మోడల్, సౌండ్ కార్డు పేరు నోటుబుక్కులో రాసుకోండి. అవసరమైన రోజున వెతుక్కునే పని ఉండదు.