వానాకాలంలో జీన్స్ ఆరాలంటే

హాస్టల్లో డ్రయర్ ఉండదు. జులై వచ్చిందంటే దండెం మీద ఎండా ఉండదు. రేపు పొద్దున ల్యాబ్‌కి యూనిఫాం మాత్రం కావాలి. అందుకే ఒక చిన్న లెక్క చేద్దాం.

30 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. తేమ 80 శాతం ఉన్న రోజు అందులో 24 గ్రాములు ముందే ఉంటాయి. మిగిలిన ఖాళీ 6 గ్రాములే. గది 3×3×3 మీటర్లు అనుకుంటే, మొత్తం గాలిలో ఖాళీ 162 గ్రాములు. తడి జీన్స్‌లో 300 గ్రాముల నీళ్లున్నాయనుకోండి. తలుపులూ కిటికీలూ బిగించేస్తే రాత్రంతా ఫ్యాన్ తిరిగినా అది పూర్తిగా ఆరదు. ఫ్యాన్ గాలిని కదుపుతుంది, అంతే. తేమ బయటికి పోయేది కిటికీలోంచే.

కాబట్టి ఇలా చేయండి:

1. పిండిన బట్టని పొడి టవల్లో చుట్టి గట్టిగా మెలిపెట్టండి. చేత్తో తీసేసిన నీళ్లు గాలి మోయక్కర్లేదు.
2. జీన్స్ తిరగేసి, జేబులు బయటికి లాగి, నడుము తెరుచుకుని ఉండేలా క్లిప్పులు పెట్టండి.
3. బట్టకీ బట్టకీ మధ్య నాలుగు వేళ్ల సందు వదలండి.
4. ఫ్యాన్ వేసి, కిటికీ, తలుపు రెండూ తెరవండి.

బట్ట ఎక్కువసేపు తడిగా ఉంటే బాక్టీరియా పెరిగి ముక్క వాసన వస్తుంది. చెమ్మ బట్టలే వేసుకుని తిరిగితే తామర వచ్చే అవకాశమూ ఎక్కువే. సెంటు కొడితే వాసన దాగుతుందేమో గానీ తేమ పోదు.

ఇంకో మాట. రూమ్మేట్స్ అందరూ ఆదివారమే ఉతికితే, ఆ 162 గ్రాముల్నే అందరూ పంచుకోవాలి. వంతులు వేసుకోండి.