బుషింగుతో సరిచేయాల్సింది నట్టుతో సరిచేయరాదు



లాంగ్‌బోర్డు మలుపు తిరగడమూ, వేగంలో వణక్కుండా నిలవడమూ పలక కింద ఉండే రెండు ట్రక్కుల చేతిలోనే ఉంటాయి. ట్రక్కులో పలకకు బిగించే బేస్‌ప్లేటు, అందులోంచి బయటికొచ్చే కింగ్‌పిన్ అనే లావుపాటి బోల్టు, చక్రాల ఇరుసును పట్టుకునే హ్యాంగరు ఉంటాయి. హ్యాంగరుకు పైన ఒకటి, కింద ఒకటి, కింగ్‌పిన్‌కు తొడిగిన రెండు యురేథేన్ బుషింగులు ఉంటాయి. హ్యాంగరు ముక్కు పివట్ కప్పు అనే చిన్న గిన్నెలో ఆనుకుంటుంది. బ్రహ్మోత్సవాల రథానికి ఇరుసు మళ్ళదు, మాడవీధి మూలకు రాగానే చక్రాల కింద చెక్కలు వేసి తిప్పాల్సిందే. లాంగ్‌బోర్డులో అలా కాదు. మనిషి ఒరిగిన పక్క బుషింగు నలుగుతుంది, ఇరుసు తనంతట తానే ఆ వైపుకు మళ్ళుతుంది. బరువు తీయగానే బుషింగు మళ్ళీ పొంగి ఇరుసును నేరుగా నిలబెడుతుంది.

ఈ ఉపాయం స్కేట్‌బోర్డు కంటే పాతది. 1863లో న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ ప్లింప్టన్ నాలుగు చక్రాల రోలర్ స్కేటుకు రబ్బరు దిండ్లు పెట్టి, ఒరిగితే తిరిగేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. నాలుగు చక్రాల స్కేట్లు వాడేవాళ్ళు కూడా దిండు మెత్తదనాన్ని తమ బరువుకు తగ్గట్టు చూసుకునే బిగిస్తారు.

ట్రక్కు ఎంత చురుగ్గా మళ్ళాలో మొదట నిర్ణయించేది బేస్‌ప్లేటు కోణం. లాంగ్‌బోర్డులకు ఎక్కువగా వాడే రివర్స్ కింగ్‌పిన్ ట్రక్కులు 50 డిగ్రీల్లోనూ, 43, 44 డిగ్రీల్లోనూ దొరుకుతాయి. పలక 10 డిగ్రీలు ఒరిగిందనుకుంటే 50 డిగ్రీల బేస్‌ప్లేటు మీద ఇరుసు దాదాపు 11.7 డిగ్రీలు మళ్ళుతుంది, 44 మీద 9.5 మాత్రమే. అదే 25 డిగ్రీల బేస్‌ప్లేటయితే నాలుగున్నర దగ్గర ఆగిపోతుంది. వీధుల్లో మెల్లగా మెలికలు తిరగడానికి 50 బాగుంటుంది. వాలులో దిగేవాళ్ళు వెనక ట్రక్కుకు తక్కువ కోణం ఎంచుకుంటారు. వెనక ఇరుసు తక్కువగా మళ్ళితే బోర్డు తోక ఊగడం తగ్గుతుంది.

కోణం తర్వాత చూడాల్సింది బుషింగు గట్టిదనం. దాన్ని డ్యూరోమీటర్ అంకెలతో, 78ఏ, 85ఏ, 93ఏ అని చెబుతారు. అంకె పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది. పేరున్న ట్రక్కులతో వచ్చే బుషింగులు చాలావరకు 90ఏ చుట్టుపక్కల ఉంటాయి. యాభై కిలోల కుర్రవాడు వాటి మీద ఎంత ఒరిగినా బోర్డు మళ్ళదు. అప్పుడు అతను చేసే పని కింగ్‌పిన్ చివర ఉండే నట్టు వదులు చేయడం. వదులైన ట్రక్కు మళ్ళుతుంది గానీ, నడిమధ్యలో పట్టు ఉండదు, కాస్త వేగం అందుకోగానే వణుకు మొదలవుతుంది. ఎనభై కిలోల మనిషి దీనికి తలకిందులుగా, మెత్తని బుషింగును నట్టుతో నలిపి గట్టిపరచాలని చూస్తాడు. బుషింగు పక్కలకు ఉబ్బి, కొన్నాళ్ళకు చిట్లిపోతుంది. ఇద్దరికీ కావలసింది వేరే బుషింగే. మామూలు తిరుగుడుకు యాభై కిలోల వరకు 78ఏ నుంచి 81ఏ, అరవై డెబ్బై మధ్య 83ఏ నుంచి 87ఏ, ఎనభై దాటితే 90ఏ దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. వేగంగా దిగేవాళ్ళు ఒక మెట్టు పైకి వెళ్ళాలి.

ఆకారానికీ విలువ ఉంది. కోన్ కింద సన్నబడుతుంది కాబట్టి సులువుగా నలిగి లోతుగా తిప్పుతుంది. బ్యారెల్ నిలువుగా, నిండుగా ఉండి ఇరుసును త్వరగా నడిమికి తెస్తుంది. బరువంతా మోసేది పలక వైపు బుషింగు, అందుకని అక్కడ బ్యారెల్, నేల వైపు కోన్ పెట్టుకోవడం నేర్చుకునేవాడికి అన్నిటికంటే మంచి జత. రెండూ బ్యారెళ్ళయితే స్థిరత్వం పెరుగుతుంది. వెనక ట్రక్కుకు ముందుదానికంటే కొంచెం గట్టిది వేయడం మేలు. గిన్నెలాంటి వాషరు బుషింగును చుట్టూ పట్టి ఉంచుతుంది, చదును వాషరు వదిలేస్తుంది.

ఇక నట్టు. కింగ్‌పిన్ నట్టు సాధారణంగా 9/16 అంగుళాలది. తిరుపతి మెకానిక్కు షాపుల్లో ఉండే 14 పానా దానికి ఎక్కదు. 15 వదులుగా తిరిగి మూలలు అరగదీస్తుంది. అంగుళాల సాకెట్ ఒకటి కొనుక్కోవడమే పద్ధతి. నట్టును, వాషరు వేళ్ళతో తిప్పితే తిరగకుండా ఆగేదాకా బిగించి, అక్కడి నుంచి అర చుట్టు, మహా అయితే ఒక చుట్టు బిగించాలి. అంతకు మించి బిగించాల్సి వస్తే బుషింగు మెత్తగా ఉన్నట్టే. ఎంత వదులు చేసినా నట్టులోని నైలాన్ వలయం దాటి కింగ్‌పిన్ మర కొంచెం బయటికి కనబడాలి. లేకపోతే దారిలోనే నట్టు ఊడిపోతుంది.

బిగింపు అయ్యాక బోర్డు ఆగి ఉండగానే ఒక అంచు మీద పూర్తి బరువు వేసి చూడాలి. చక్రం పలకకు తగిలితే నడుస్తున్నప్పుడు అది బ్రేకు వేసినట్టు ఆగి మనిషిని ముందుకు విసిరేస్తుంది. ట్రక్కుకూ పలకకూ మధ్య 3 మిల్లీమీటర్ల రైజర్ ప్యాడ్ గానీ, గట్టి బుషింగు గానీ దీనికి మందు. పివట్ కప్పు కిచకిచమంటే సబ్బు తురుము కొంచెం రాస్తే చాలు. వణుకు వచ్చినప్పుడు బరువు ముందు కాలి మీదికి తేవాలి, మోకాళ్ళు వంచి వదులుగా ఉంచాలి. భయంతో బిగుసుకుని వెనక్కి వాలితే ఊపు ఇంకా పెరుగుతుంది.

ఎండకు యురేథేన్ మెత్తబడుతుంది. నలభై డిగ్రీలు దాటే తిరుపతి మే నెలలో, 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్స్‌లీ హిల్స్ చలికాలపు ఉదయాన, ఒకే బుషింగు ఒకేలా పనిచేయదు. వేసవికి రెండు మూడు అంకెలు గట్టిది విడిగా ఉంచుకోవచ్చు. ఏ సర్దుబాటు అయినా చదునైన, వాహనాలు తిరగని చోట, హెల్మెట్ పెట్టుకుని పరీక్షించాలి. తిరుమల ఘాట్ రోడ్డు భక్తుల బస్సులూ కార్లూ తిరిగే దారి, దాని మీద బోర్డు వేయనే కూడదు.

నెలకోసారి బుషింగులు విప్పి చూడాలి. అంచున పగులు, ఒక పక్కే నలిగిన గుర్తు, విప్పాక కూడా పోని ఉబ్బు కనబడితే జతగా మార్చాలి. ఒకటి మార్చి ఒకటి ఉంచితే బోర్డు ఒక్కో మలుపులో ఒక్కోలా ప్రవర్తిస్తుంది.

ఇట్లు,
మామ
తిరుపతి