తోబుట్టువుకు మూత్రాశయ క్యాన్సర్ అని తెలిసినప్పుడు

మీ అన్నకో, తమ్మునికో, అక్కకో మూత్రాశయ క్యాన్సర్ ఉందని డాక్టరుగారు చెప్పారు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని మీరు ఈ పుస్తకం తిరగేస్తూ ఉండవచ్చు. ముందు ఈ జబ్బు ఏమిటో తెలుసుకుందాం. తరువాత మీరు చేయగల పనులు చూద్దాం.

మూత్రం చేరి నిలిచే సంచి మూత్రాశయం. దాని లోపలి పొరలో పుట్టే గడ్డ ఇది. నొప్పి, మంట లేకుండా మూత్రం ఎర్రగా రావడం చాలామందిలో మొదటి గుర్తు. ఒకసారి వచ్చి తనంతట తానే ఆగిపోతుంది, మళ్ళీ కొన్నాళ్ళకు కనబడుతుంది. అందుకే మనవాళ్ళు "వేడి చేసింది" అనుకొని బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు తాగుతూ కాలం గడుపుతారు. కొందరు మగవారు సుఖవ్యాధి అనుకుంటారేమోనన్న సిగ్గుతో భార్యకు కూడా చెప్పరు. ఆడవారు గర్భసంచి జబ్బు అనుకుంటారు. కనుక "ఇన్నాళ్ళు ఎందుకు దాచావు?" అని ఇప్పుడు నిలదీయకండి. ఆ మాటతో వారు ఇంకా మూసుకుపోతారు.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా రాదు. వంశపారంపర్యంగా రావడం కూడా అరుదే. ముఖ్య కారణం పొగ. బీడీ, చుట్ట, సిగరెట్లలోని విషాలు రక్తంలో కలిసి, మూత్రంలోకి దిగి, గంటల తరబడి ఆ సంచిలోనే నిలుస్తాయి. అన్నదమ్ములిద్దరూ ఒకే కట్టలోని బీడీలు కాల్చినవారైతే, ఆయనతో మాన్పించే ముందు మీరు మానండి.

చాలామంది బంధువులు మమ్మల్ని పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, రాయి తీశారని చెప్పండి, క్యాన్సర్ అనకండి" అని బతిమాలుతారు. ప్రేమతోనే అంటారు. కానీ ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ వచ్చే రకం. రాయి పోయిందనుకున్న మనిషి మూడు నెలల తరువాత పరీక్షకు ఎందుకు వస్తాడు? నిజాన్ని డాక్టరుగారి ముందే, నెమ్మదిగా, ఆయన భార్య పక్కన ఉండగా చెప్పనివ్వండి. ఆడబిడ్డ వచ్చి వదినను పక్కన పెట్టి నిర్ణయాలు చేసిన ఇళ్ళలో రోగికి జబ్బుకన్నా ఆ గొడవే బరువవుతుంది.

మొదట మత్తు ఇచ్చి, మూత్రనాళం ద్వారానే గొట్టం పంపి గడ్డను గీకి తీస్తారు. పొట్ట మీద కోత ఉండదు. ఆ ముక్కలను బయాప్సీకి పంపుతారు. రిపోర్టు వచ్చాక మీరు అడగవలసిన ప్రశ్న ఒకటే: "గడ్డ కండరం దాకా వెళ్ళిందా?" వెళ్ళకపోతే సంచిని కాపాడే అవకాశం ఎక్కువ. వెళితే సంచిని తీసివేయడమో, కీమోథెరపీతో పాటు రేడియేషనో చెబుతారు. సంచి తీసినవారికి చాలాసార్లు పొట్ట మీద మూత్రపు బ్యాగు అమర్చుతారు. దానిని ఖాళీ చేయడం భార్యతో పాటు మీరూ నేర్చుకుంటే, ఆయన పెళ్ళిళ్ళకు రావడం మానుకోడు.

కండరం దాకా వెళ్ళని కొందరికి బి.సి.జి. మందు ఇస్తారు. పసిబిడ్డకు భుజానికి వేసే టీకా మందే ఇది! ఈ జబ్బుకు ఇది పనికివస్తుందని 1976లో కెనడా డాక్టరు ఆల్వరో మొరాలెస్ ప్రకటించారు. సాధారణంగా వారానికొకసారి, 6 వారాలు, సన్నని గొట్టంతో సంచిలోకి ఎక్కిస్తారు. 2 గంటలు ఆపుకోవాలి. తరువాత 6 గంటల వరకు కూర్చునే మూత్రం పోయాలి, ప్రతిసారీ అందులో బ్లీచింగ్ ద్రవం పోసి 15 నిమిషాలు ఆగి నీళ్ళు కొట్టాలి. మంట, మాటిమాటికి రావడం ఒకటి రెండు రోజులు ఉంటాయి. చలితో జ్వరం ఎక్కువగా వచ్చినా, తగ్గకపోయినా ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

ప్రయాణం గురించి ఎవరూ ఆలోచించరు. జనగామ, మహబూబాబాద్ వారికి రైలుంది, రైలులో మరుగుదొడ్డి ఉంది. భూపాలపల్లి వారు బస్సులోనే రావాలి. మందు ఎక్కించిన రోజు అంతసేపు కూర్చోవడం నరకం. హనుమకొండలోనో కాజీపేటలోనో మీ ఇల్లుంటే ఆ రాత్రికి అక్కడే ఉంచుకోండి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రైలు ఛార్జీలో రాయితీ ఉంది. దాని ఫారం ఆసుపత్రిలో అడగండి.

పొలం బేరం పెట్టకముందు ఆరోగ్యమిత్రను కలవండి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచారు. హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. సింగరేణి ఉద్యోగి అయితే ముందు కంపెనీ ఆసుపత్రిలో విచారించండి. వేరుపడిన అన్నదమ్ములైతే ఎవరు ఎంత పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి. రాసుకోవడం తప్పు కాదు, రాయనందువల్ల మాటలు పోయిన ఇళ్ళు చాలా చూశాం.

గడ్డ తీసిన 3 నెలలకు మళ్ళీ సిస్టోస్కోపీ ఉంటుంది. తరువాత డాక్టరుగారు చెప్పిన ప్రకారం ఏళ్ళ తరబడి సాగుతుంది. ఆ తేదీ పత్తి ఏరే రోజుల్లో పడితే "వచ్చే నెల చూద్దాంలే" అంటాడు. ముందే తేదీ మీ ఇంటి క్యాలెండర్ మీద రాసుకొని, ఆ రోజుకు కూలీలను మీరు మాట్లాడి పెట్టి, పొద్దున్నే వారి ఇంటికి వెళ్ళండి.