మూత్రపిండాలలో రాళ్లు - మనం త్రాగే నీరు

అనంతపురం ప్రాంతంలో నీటి బిందెల అడుగున తెల్లని పొర పేరుకొనని ఇల్లు అరుదు. గొట్టపుబావి నీటిని కాచినప్పుడు ఆ పొర మరింత స్పష్టంగా కనిపిస్తుంది. దానిని గోటితో గీకి చూపుతూ, "ఈ నీళ్లు తాగితే లోపల రాళ్లు పుట్టవా?" అని పెద్దలు అడుగుతుంటారు. ప్రశ్న సహజమైనదే. కాని ఆ భయంతో దాహాన్ని అణచుకొనేవారికే రాళ్లు ఏర్పడే అవకాశం ఎక్కువ.

ఈ మెట్టసీమలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఈశాన్య మేఘాలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అత్యల్ప వర్షపాతం గల ప్రాంతంగా దీనికి పేరు. వేరుశనగ చేలలో కలుపు తీసే కూలీ ఎండలో కోల్పోయే చెమటకు లెక్క లేదు. ఆ చెమటకూ రాతికీ దగ్గరి సంబంధం ఉన్నది.

మూత్రపిండాలు రక్తాన్ని వడపోసి, అనవసరమైన లవణాలను నీటిలో కరిగించి బయటకు పంపుతాయి. చెమట రూపంలో నీరు పోయినకొద్దీ మూత్రం చిక్కబడుతుంది. పానకంలో బెల్లం మితిమీరినప్పుడు కరగక అడుగున నిలిచినట్లే, చిక్కని మూత్రంలో కాల్షియం, ఆక్సలేటు కలిసి స్ఫటికాలవుతాయి. స్ఫటికం మీద స్ఫటికం పేరుకొని రాయి తయారవుతుంది. ఎక్కువ రాళ్లు ఈ కాల్షియం ఆక్సలేటువే. యూరిక్ ఆమ్లం వంటి వాటితో ఏర్పడేవి కొన్ని.

ఇది క్రొత్త వ్యాధి కాదు. సుశ్రుతుడు దీనిని 'అశ్మరి' అని పేర్కొని, మూత్రాశయంలోని రాయిని శస్త్రచికిత్సతో తీసే విధానాన్ని వర్ణించాడు. నివారణ విషయంలో మాత్రం గట్టి రుజువు దొరికినది 1996లో. ఇటలీ వైద్యులు, తొలిసారి రాయి ఏర్పడిన 199 మందిని రెండు జట్లుగా చేసి ఐదేళ్లు పరిశీలించారు. నీరు బాగా త్రాగమని చెప్పిన జట్టులో 12 మందికి, ఏమీ చెప్పని జట్టులో 27 మందికి మరల రాయి వచ్చినది. ఔషధం ఏదీ లేదు, తేడా నీటిదే.

ఇక బిందెలోని తెల్లపొర మాటకు వద్దాం. కఠినజలంలోని కాల్షియం నేరుగా మూత్రపిండంలో చేరి రాయి కాదు. అది ప్రేగులలోనే ఆహారంలోని ఆక్సలేటుతో కలిసి, మలంతో వెళ్లిపోవచ్చు. రాళ్ల భయంతో పాలు, పెరుగు మానివేయడమూ ఇటువంటి పొరపాటే. 1993లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం 45,619 మంది పురుషులను నాలుగేళ్లు గమనించి, ఆహారంలో కాల్షియం ఎక్కువగా తీసుకొన్నవారికే రాళ్లు తక్కువని తేల్చినది.

మన నీటిలో నిజంగా భయపడవలసినది వేరే ఉన్నది, అది ఫ్లోరైడు. అది రంగూ రుచీ లేకుండా వచ్చి పళ్లను, ఎముకలను చెరుపుతుంది. మరిగించినా పోదు, నీరు ఆవిరై తగ్గినకొద్దీ దాని గాఢత పెరుగుతుంది కూడ. 1995లో పని మొదలైన శ్రీ సత్యసాయి నీటి పథకం వందలాది గ్రామాలకు మంచినీటిని చేర్చినది. అటువంటి సరఫరా ఉన్నచోట ఆ నీటినే త్రాగాలి.

ఎంత త్రాగాలి? రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంత. వేసవిలో పొలం పనిచేసేవారికి మూడు నాలుగు లీటర్లు కూడ చాలకపోవచ్చు. కొలతపాత్ర లేకున్నా పరవాలేదు. మూత్రం లేత గడ్డిరంగులో ఉంటే చాలినంత త్రాగినట్లు, ముదురు పసుపైతే చాలనట్లు. రాత్రివేళ మూత్రం చిక్కబడుతుంది కనుక నిద్రకు ముందు ఒక గ్లాసు నీరు మంచిది.

నీటికి తోడు నిమ్మరసం మేలు. అందులోని సిట్రేటు కాల్షియాన్ని పట్టి ఉంచి, స్ఫటికం కానీయదు. ఈ సీమ తోటలలో విరివిగా పండే చీనీకాయ రసమూ అటువంటిదే, చక్కెర కలపకుంటే. మజ్జిగ ఎంతో మంచిది. ఉప్పు మాత్రం చిటికెడే. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా దిగుతుంది. ఈ సంగతి తెలియక, చల్లదనమని ఉప్పుమజ్జిగను చెంబులకొద్దీ త్రాగేవారున్నారు. ఉలవకట్టు రాయిని కరిగిస్తుందన్న నమ్మకం మన పల్లెలలో బలమైనది. ఏర్పడిన కాల్షియం ఆక్సలేటు రాయిని కరిగించే పానీయం ఏదీ లేదు. ఉలవకట్టు రుచికి త్రాగవచ్చు. చక్కెర నిండిన శీతలపానీయాలు దాహం తీర్చినట్లే తీర్చి, రాళ్ల ముప్పును పెంచుతాయి.

ఒక హెచ్చరిక: మూత్రపిండాల వైఫల్యం, గుండెజబ్బు ఉన్నవారు వైద్యుని అడగకుండ నీటిని పెంచరాదు. కొబ్బరినీటిలో పొటాషియం మెండు కనుక మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది ప్రమాదం. నడుము నుంచి గజ్జలకు ప్రాకే నొప్పితో పాటు జ్వరం కూడ వస్తే ఇంటివైద్యం చేస్తూ కూర్చోక ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంత తెలిసీ త్రాగలేనివారున్నారు. చేనులో చాటు దొరకదని మహిళాకూలీలు, కళాశాలలో మరుగుదొడ్డి సరిగా లేదని విద్యార్థినులు ఉదయం నుంచి గొంతు తడుపుకోరు. ఇది వారి అజ్ఞానం కాదు. 2019లో కేరళ పాఠశాలలు పిల్లలకు నీరు త్రాగుమని గుర్తుచేయడానికి ప్రత్యేకంగా గంట కొట్టే పద్ధతిని ప్రారంభించాయి. మంచి ఆలోచనే. అయితే ఆ గంట మ్రోగే చోట మరుగుదొడ్డి తలుపుకు గడియ, లోపల కుళాయికి నీరు ఉన్నాయా అని ముందుగా చూడాలి.