మర్కటము, వేరుపురుగు: రెండు జీవుల పాఠము

మర్కటకిశోర న్యాయమును మీరు వినియే యుందురు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకొనును; తల్లి కొమ్మనుండి కొమ్మకు దుమికినను పట్టు విడువదు. జీవుడు భగవంతుని అట్లే ఆశ్రయింపవలెనని పెద్దలు చెప్పిరి. ఈ న్యాయమునకు పూర్తిగా ఎదురైన జీవి మన బోధన్ చెరకు పొలములలోనే కలదు. అది వేరుపురుగు.

మన ఆలయ ప్రాకారములపై తిరుగు ఎఱ్ఱముఖపు కోతి రీసస్ జాతిది. ఇది సాధారణముగా కాన్పునకు ఒకే పిల్లను కని, నెలల తరబడి పాలిచ్చి పెంచును. ఏది తినదగినదో ఆ పిల్ల మందలోని పెద్దలను చూచి నేర్చుకొనును.

వేరుపురుగు తల్లి హోలోట్రైకియా జాతి పెంకుపురుగు. తొలకరి వాన పడగానే చీకటి వేళ నేలనుండి వెలువడి, రాత్రి వేప, తుమ్మ ఆకులను తిని, తెల్లవారకముందే మట్టిలో దాగును. మట్టిలో గ్రుడ్లు పెట్టుటతో దాని మాతృధర్మము ముగియును. తెల్లని పిల్లపురుగు ఎవరును నేర్పకయే చెరకు వేళ్లను కొఱుకును. ఆకు పండుబారి, గడ లాగగానే ఊడివచ్చునప్పుడు గాని రైతునకు సంగతి తెలియదు.

పురుగునకు మనము నేర్పునది లేదు. కోతికి మాత్రము నేర్పుచునే యున్నాము. మెట్లపై అరటిపండ్లు, బిస్కట్లు చేతికందించినచో, మనిషి యున్నచోట ఆహారముండునని నేర్చి, ఇండ్లపై, మొక్కజొన్న చేలపై పడి, దవడసంచులు నింపుకొనును. 2015లో బోధన్ నిజాం చక్కెర కర్మాగారము మూతపడిన పిదప ఇక్కడి రైతు బరువు ఇదివరకే పెరిగినది. పుణ్యము మనది, నష్టము రైతుది అగుట ధర్మమా?

పురుగును చంపుట పాపమా యని కొందఱు రైతులు నన్నడుగుదురు. పంటను కాచుకొనుట కృషీవలుని స్వధర్మమనియే నా సమాధానము. తొలకరి రాత్రులలో వేపకొమ్మలు దులిపి పెంకుపురుగులను ఏరివేయవలెను. వేసవిలో లోతుదుక్కి దున్నినచో పైకి తేలిన పురుగులను పక్షులు తినును. పెంకుపురుగు ఎగురునది గనుక, ఒక్కరు చేసిన చాలదు. ఊరంతయు కలిసి చేయవలెను.

దాతలకు నా విన్నపము: కోతుల పేర నిచ్చు ధనమును మెట్లపై పంచక, అడవి అంచులలో మేడి, నేరేడు, రావి, మఱ్ఱి మొక్కలు నాటించి, అవి నిలద్రొక్కుకొనువఱకు నీరు పోయించుడు. హనుమత్సేవయు నెరవేరును, రైతు చేనును నిలుచును.